‘ఖాళీ వస్తే మేమే పిలుస్తాం’: నెల్లూరులో ఒక ఉద్యోగాల కన్సల్టెన్సీతో పద్నాలుగు నెలలు

ఇంటర్వ్యూకు వెళ్ళి ఎంపిక కాని వాళ్ళకు మన ఊళ్ళో చెప్పే మాట ఒక్కటే: ‘‘మీ బయోడేటా మా దగ్గరే ఉంటుంది, ఖాళీ వస్తే మేమే పిలుస్తాం.’’ ఈ మాట నేను పద్నాలుగు నెలల్లో ఐదుచోట్ల విన్నాను. నాలుగుచోట్ల అది అక్కడితో సరి. ఒక్కచోట నుంచి మాత్రం ఏడు వారాల తరువాత నిజంగానే పిలుపు వచ్చింది, ఇప్పుడు నేను పని చేస్తున్నది అక్కడే. ఈ ఐదు ఇంటర్వ్యూలకూ నన్ను పంపింది ఆర్టీసీ బస్టాండు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక కన్సల్టెన్సీ. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా రాస్తున్నాను కనుక దాని పేరు చెప్పడం లేదు. ఉద్యోగం ఇప్పించారా లేదా అన్నది ఒక్కటే కొలతగా పెట్టుకుంటే ఇలాంటి చోట్ల గురించి సరైన అభిప్రాయం ఏర్పడదు. రాలేదని తేలిన తరువాత మన కాగితం ఏమవుతుందన్నది చూడాలి. ఈ సమీక్షంతా దాని గురించే.

కన్సల్టెన్సీ ఒక జిరాక్సు షాపుపైన రెండో అంతస్తులో ఉంటుంది. రెండు గదులు, మూడు బల్లలు, గోడ వెంబడి ప్లాస్టిక్ కుర్చీలు. సోమవారం పొద్దున వెళితే కుర్చీ దొరకదు. కావలి, ఆత్మకూరు, పొదలకూరు, ఉదయగిరి బస్సుల్లో దిగినవాళ్ళు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకొని మెట్ల మీద కూడా కూర్చొని ఉంటారు. రిజిస్ట్రేషన్‌కు ఐదు వందలు తీసుకొని రసీదు ఇస్తారు, అది ఏడాది పాటు చెల్లుతుంది. ఉద్యోగం వస్తే మన దగ్గర ఇంకేమీ తీసుకోరు. అసలు ఆదాయం కంపెనీల నుంచి వస్తుంది, ఆఫీసు ఉద్యోగాలకు వాడుకలో ఉన్న లెక్క ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. కంపెనీ వాళ్ళే కడుతున్నప్పుడు మన దగ్గర ఐదు వందలు ఎందుకని అడిగితే, ‘‘ఊరికే పేరు రాయించుకొని పోయేవాళ్ళు తగ్గుతారు సార్’’ అన్నారు బల్ల దగ్గరి మేడమ్. ఈ సమాధానం నాకు పూర్తిగా నచ్చలేదు కానీ, ఆ రసీదు వల్ల నాకొక లాభం జరిగిన సంగతి తరువాత చెబుతాను.

నాది బి.కామ్., ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు మీద పని, తొమ్మిదేళ్ళ అనుభవం. వాళ్ళు పంపిన ఐదు ఇంటర్వ్యూలలో రొయ్యల మేత కంపెనీ ఒకటి, టూవీలర్ షోరూము ఒకటి, ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగు విభాగం ఒకటి, నాయుడుపేట వైపు ఫ్యాక్టరీలో స్టోర్సు ఉద్యోగం ఒకటి. ఈ నాలుగింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. షోరూము వాళ్ళు ముందే మనిషిని అనుకొని లెక్క కోసం నలుగురిని పిలిచినట్టు అక్కడ కూర్చున్న పది నిమిషాల్లోనే అర్థమైంది. ఐదోది ముత్తుకూరు వైపు, కృష్ణపట్నం పోర్టు చుట్టూ ఉన్న వంటనూనె శుద్ధి కర్మాగారాల్లో ఒకదానిలో డిస్పాచ్ అకౌంట్సు. ట్యాంకరు లోపలికి వచ్చేటప్పుడు, నింపుకొని బయటికి వెళ్ళేటప్పుడు కాటా చీటీలు సరిచూసి, ఇన్‌వాయిసు వేసి, ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు వెంట వెళ్ళవలసిన రవాణా పత్రం) తీసి డ్రైవరు చేతికి ఇచ్చే పని అది.

ఆ ఇంటర్వ్యూలో నేను ఎక్కడ తప్పానో నాకు బాగా తెలుసు. డిస్పాచ్ మేనేజరు, అరవై ఏళ్ళకు దగ్గర పడిన పెద్దమనిషి, ఒకే ప్రశ్న వేశారు: ‘‘ఇక్కడి నుంచి ట్యాంకరు హైదరాబాదు పోవాలి, నాలుగు వందల డెబ్బై కిలోమీటర్లు అనుకోండి, ఈ-వే బిల్లు ఎన్ని రోజులు చెల్లుతుంది?’’ నేను ఐదు రోజులన్నాను. వంద కిలోమీటర్లకు ఒక రోజు అన్న పాత లెక్క నా తలలో ఉండిపోయింది. 2021 జనవరి నుంచి మామూలు సరుకుకు రెండు వందల కిలోమీటర్లకు ఒక రోజు, మిగిలిన ముక్కకు మరొక రోజు. మూడు రోజులని చెప్పాలి. నా పాత ఉద్యోగంలో సరుకు జిల్లా దాటి పోయింది తక్కువ కనుక ఆ మార్పు నా కంట పడలేదు. ఆయన ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ‘‘సరే, చెబుతాం’’ అన్నారు. వారం తరువాత మరొకరిని తీసుకున్నారని కన్సల్టెన్సీ నుంచి ఫోను వచ్చింది. వెంటనే ఆ మామూలు మాట కూడా వచ్చింది, ఖాళీ వస్తే పిలుస్తారట.

ఇక్కడ మేడమ్ చేసిన ఒక పని చెప్పాలి. రాలేదని చెప్పి ఫోను పెట్టెయ్యకుండా, ‘‘సార్, వాళ్ళకు ఈ రోజే ఒక మెయిల్ పెట్టండి. బాధపడ్డట్టు రాయొద్దు. అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, మళ్ళీ పిలిస్తే వస్తాను, ఫలానా రోజుల్లోపు చేరగలను అని మూడు లైన్లు రాయండి చాలు’’ అన్నారు. నాకు మనసు ఒప్పలేదు. వద్దన్నవాళ్ళకు దండం పెట్టడమేమిటనిపించింది. అయినా రాశాను, ఈ-వే బిల్లు విషయంలో నా జవాబు తప్పని తరువాత సరిచూసుకున్నానని ఒక వాక్యం కలిపాను. దానికి జవాబు రాలేదు. ఇంట్లో మాత్రం మా నాన్న రోజూ సాయంత్రం ‘‘ఏం నాయనా, ఆ నూనె కంపెనీ వాళ్ళేమన్నా పలికారా?’’ అని అడుగుతూనే ఉన్నారు. ఉద్యోగం పోయినవాడికి ఇంటర్వ్యూ కంటే ఈ ప్రశ్నే కష్టం.

ఏడు వారాలకు కంపెనీ నుంచి కన్సల్టెన్సీకి ఫోను వచ్చింది. ఎంపికైన అతను తన పాత కంపెనీలో నోటీసు పీరియడ్ ఉందని చేరడం వాయిదా వేస్తూ, చివరకు చెన్నైలో మరో ఆఫరు చేతికి వచ్చాక మానుకున్నాడు. కంపెనీ వాళ్ళు కన్సల్టెన్సీని వేరే మనిషిని చూపించమన్నారు. ఆ రోజు నేను రసీదు గడువు విషయం అడగడానికి వెళ్ళి ఆ గదిలోనే ఉన్నాను కనుక, ఎంపిక కాని వాడి కాగితం ఎలా పైకి వస్తుందో కళ్ళారా చూశాను. మేడమ్ కంప్యూటరు వైపు చూడనే లేదు. వెనుక ఉన్న ఇనుప బీరువా తెరిచి, కంపెనీ పేరు రాసిన ఒక అట్ట ఫైలు తీశారు. అందులో ఆ ఉద్యోగానికి పంపిన ఆరుగురి బయోడేటాలు గుచ్చి ఉన్నాయి. నాదానిపైన కుడి మూలలో పెన్సిలుతో ‘2 – వస్తాడు – 15 రోజులు’ అని ఉంది. రెండు అంటే రెండో స్థానం; వస్తాడు అంటే మళ్ళీ పిలిస్తే కాదనడు; పదిహేను రోజులు అంటే చేరడానికి పట్టే సమయం. ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రం కంపెనీకి ఫోను చేసి, ఎవరు మొదట, ఎవరు రెండు అని అడిగి రాసుకోవడం ఆమెకు అలవాటట. మిగతా ఐదుగురి కాగితాల మీద నాలుగింటికి ఏ గుర్తూ లేదు. ఆ నలుగురికి ఫోను వెళ్ళలేదు. కంప్యూటరులో వేల పేర్లున్న డేటాబేసు ఉందని గోడ మీద బోర్డు ఉన్నమాట నిజమే గానీ, నా ఉద్యోగం మాత్రం ఆ పెన్సిలు గీతల వల్ల వచ్చింది.

అప్పటి నుంచి ఈ విషయాన్ని కొంత శ్రద్ధగా గమనించాను. ఇప్పుడు కంపెనీ లోపల కూర్చున్నాక మరికొంత అర్థమైంది. ఎంపిక కాని వారిని కంపెనీ నేరుగా ఎందుకు పిలవదన్నదానికి, మనం అనుకునే అహంకారం కంటే మామూలు కారణాలు చాలా ఉన్నాయి. కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన అభ్యర్థిని ఆరు నెలల్లోనో ఏడాదిలోనో కంపెనీ తానుగా చేర్చుకున్నా సరే రుసుము కట్టాలన్న షరతు ఒప్పందాల్లో సాధారణంగా ఉంటుంది. అందువల్ల మన కాగితం వాళ్ళ మెయిల్లో ఉన్నా, దాన్ని తాకితే బిల్లు వస్తుందని వదిలేస్తారు. కొత్తగా వచ్చిన దరఖాస్తుకు ఆ బెడద ఉండదు. రెండోది, మనల్ని చూసిన హెచ్‌ఆర్ ఉద్యోగి ఆరు నెలల తరువాత అదే కుర్చీలో ఉంటాడన్న నమ్మకం లేదు. అతనితోపాటు అతని జ్ఞాపకమూ పోతుంది. పెద్ద కంపెనీలు దరఖాస్తులను సాఫ్ట్‌వేరులో భద్రపరుస్తాయి, నిజమే. కానీ అందులో వెతికేవాడు పదం కొట్టి వెతుకుతాడు, మనం ‘డిస్పాచ్’ అని రాయకుండా ‘లోడింగు వ్యవహారాలు’ అని రాసుకుంటే మన పేరు తేలదు. ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల ఒకసారి తిరస్కరణ అయినవారు ఆరు నెలల పాటు మళ్ళీ దరఖాస్తు పెట్టరాదన్న నియమం కూడా ఉంది. వాళ్ళను ఆ లోపు ఎవరూ పిలవరు.

పిలవడానికి మాత్రం ఒకే పెద్ద కారణం కనిపిస్తుంది: ఎంపికైనవాడు చేరకపోవడం, లేదా చేరి మానెయ్యడం. అభ్యర్థి తొంభై రోజుల్లోపు మానేస్తే కన్సల్టెన్సీ మరొకరిని ఉచితంగా చూపించాలన్న షరతు కూడా ఈ ఒప్పందాల్లో తరచుగా ఉంటుంది. రెండోసారి డబ్బు రాని పనికి కొత్తగా ప్రకటన ఇచ్చి, కొత్తగా ఇంటర్వ్యూలు పెట్టించే ఓపిక ఏ కన్సల్టెన్సీకి ఉంటుంది? చేతిలో ఉన్న రెండో కాగితాన్నే తీస్తారు. కాబట్టి మనకు పిలుపు రావలసి ఉంటే అది మొదటి మూడు, నాలుగు నెలల్లోనే వస్తుంది. ఆ తరువాత ఫోను కోసం ఎదురు చూడడం వృథా, మళ్ళీ మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. నా మిగతా నాలుగు ఇంటర్వ్యూల సంగతి దీనికి సాక్ష్యం. ఏడాది దాటినా వాటి నుంచి ఒక్క మాట కూడా లేదు.

ఉద్యోగం రకాన్ని బట్టి ఇదంతా మారుతుంది. నాతోపాటు కుర్చీలో కూర్చున్న ఒక ఐటీఐ ఫిట్టరు, కందుకూరు కుర్రాడు, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలో రెండుసార్లు వద్దనిపించుకొని మూడోసారి నెల తిరగకుండానే పిలుపు అందుకున్నాడు. అక్కడ యంత్రాల దగ్గర మనుషులను ఒక్కొక్కరిగా కాదు, బ్యాచీలుగా తీసుకుంటారు. మానేసేవాళ్ళు ఎక్కువ కనుక పాత జాబితా చేతిలో ఉండటం వాళ్ళకే అవసరం. అదే అకౌంట్సు, స్టోర్సు, హెచ్‌ఆర్ వంటి ఉద్యోగాలు ఒక్క కుర్చీ ఉన్న ఉద్యోగాలు, ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ అయితే తప్ప మన వంతు రాదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఈ తేడాను రిజిస్ట్రేషన్ రోజునే చెప్పి ఉంటే బాగుండేది. అందరికీ ఒకే మాట చెబుతారు, ఫిట్టరూ నేనూ ఒకే ఆశతో మెట్లు దిగాం.

మరొక చిన్న విషయం, చాలామందికి పనికి వస్తుందని రాస్తున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. ఆన్‌లైన్ పోర్టళ్ళలో ‘నెల్లూరు’ అని మాత్రమే పెట్టుకుంటే అటువైపు ఫ్యాక్టరీల ఖాళీలు కంటికి రాకపోవచ్చు, అక్కడి వాళ్ళు వెతికినప్పుడు మన పేరూ రాకపోవచ్చు. రెండు జిల్లాలూ పెట్టుకోవాలి. ఈ సంగతి కూడా నాకు చెప్పింది ఆ మేడమే.

ప్రభుత్వం వైపు పద్ధతి ఎలా ఉందో పోల్చి చూస్తే, కాగితం మీదైనా అక్కడ కొంత స్పష్టత ఉంది. బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు జరిపే ఐబీపీఎస్ రిజర్వు జాబితా పెడుతుంది, ఎంపికైనవారు చేరకపోతే అందులో నుంచి తీసుకుంటారు. యూపీఎస్సీ అయితే చివరి దశ దాకా వచ్చి ఎంపిక కాని అభ్యర్థుల వివరాలను, వారు సమ్మతిస్తే, ఇతర సంస్థలు చూసుకొనేలా 2018 నుంచే పెడుతోంది. ఇప్పుడు దానికి ప్రతిభా సేతు అని పేరు పెట్టారు. రెండో స్థానం వాడు పనికిరానివాడు కాడని ఒక సంస్థ అధికారికంగా ఒప్పుకోవడం నాకు బాగా నచ్చింది. మా తరానికి తెలిసిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డు సంగతి వేరు. 1959 నాటి చట్టం ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయాలని చెప్పిందే గాని, అక్కడి పేర్లలో నుంచే తీసుకోవాలని చెప్పలేదు. నా కార్డు మా అమ్మ ట్రంకు పెట్టెలో, పదో తరగతి మార్కుల జాబితా కింద ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఇక ఫిర్యాదులు. మొదటిది జీతం గురించి. మొదటి ఇంటర్వ్యూలో పంతొమ్మిది వేలు అన్న ఉద్యోగానికి, రెండోసారి పిలిచినప్పుడు పద్దెనిమిది వేలే అన్నారు. రెండో స్థానం వాడు ఎంతకైనా వస్తాడన్న లెక్క అది. కన్సల్టెన్సీ ఆ మాటను నా తరఫున ప్రశ్నించకుండా అలాగే నాకు చేరవేసింది, పైగా ‘‘ముందు చేరండి సార్, తరువాత చూసుకోవచ్చు’’ అన్నది. నేను నేరుగా డిస్పాచ్ మేనేజరుతోనే మాట్లాడాను. పని అదే అయినప్పుడు జీతం మారడానికి కారణం చెప్పమని అడిగాను. ఆయన హెచ్‌ఆర్‌కు ఫోను చేసి పాత అంకెనే రాయించారు. ‘‘తప్పు జవాబు చెప్పి, తరువాత సరిచూసుకొని రాసినవాళ్ళు ఎవరూ లేరయ్యా’’ అన్నారు. మూడు లైన్ల మెయిల్ చదివారన్నమాట.

రెండో ఫిర్యాదు ఇంతకంటే గట్టిది. నేను చేరి నెలలు గడుస్తున్నా నా ఫోనుకు కన్సల్టెన్సీ నుంచి సందేశాలు ఆగలేదు. హైదరాబాదులో డెలివరీ ఉద్యోగాలు, బెంగళూరులో కాల్ సెంటరు, గల్ఫులో వెల్డరు. అకౌంట్సు మనిషికి వెల్డరు ఖాళీ పంపించే డేటాబేసుకు, పెన్సిలుతో గుర్తు రాసిన అట్ట ఫైలుకు ఎంత తేడా ఉందో ఇక్కడ తెలుస్తుంది. నా పేరు తీసెయ్యమని రెండుసార్లు ఫోనులో, ఒకసారి రాతపూర్వకంగా అడిగాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకొనే హక్కును గుర్తించిందని కూడా ఆ కాగితంలో రాశాను. ‘‘తీసేశాం సార్’’ అన్నారు, మరుసటి వారం మరో నంబరు నుంచి సందేశం వచ్చింది.

ఇది చికాకుతో పోయే సంగతి కాదు. ఈ మధ్యలోనే ఒకరోజు గుర్తు తెలియని మనిషి ఫోను చేసి, ‘‘మీరు లోగడ దరఖాస్తు పెట్టిన కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, అప్పుడు మిమ్మల్ని వెయిటింగులో పెట్టాం, ఇప్పుడు ఖరారైంది, ల్యాప్‌టాపు డిపాజిట్టుకు మూడు వేల ఐదు వందలు పంపండి’’ అన్నాడు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చేసింది కాబట్టి నవ్వుకున్నాను. అంతకు ముందు నెలల్లో వచ్చి ఉంటే పంపేవాడినేమో. వద్దనిపించుకున్నవాడికి ఆ మాట అంత తియ్యగా వినిపిస్తుంది. నేను రెండు ప్రశ్నలు వేశాను: ఏ తేదీన ఇంటర్వ్యూ జరిగింది, నన్ను చూసింది ఎవరు? ఫోను పెట్టేశాడు. నిజంగా పిలిచేవాళ్ళ దగ్గర ఈ రెండింటికీ జవాబు ఉంటుంది, డబ్బు ప్రసక్తి ఉండదు. రసీదు వల్ల లాభమన్నది ఇదే. రసీదు వెనుక మేడమ్ మమ్మల్ని పంపిన కంపెనీల పేర్లు, తేదీలు రాసి ఇచ్చేవారు. ఫోను వచ్చినప్పుడు దాన్ని ముందు పెట్టుకునే అడిగాను.

ఐదింటికి నేను మూడున్నర ఇస్తాను. ఆ మూడు మేడమ్ చేతి పెన్సిలుకు, అరముక్క రసీదుకు. ఆమె లేని రోజు వెళితే మిగతా రెండు బల్లల దగ్గర మన పేరు కంప్యూటరులో ఎక్కిస్తారు తప్ప, ఎవరు రెండో స్థానంలో ఉన్నారని కంపెనీని అడిగే పని ఎవరూ చెయ్యరు. ఆమె మరోచోటికి మారితే ఈ రేటింగు నిలబడదు.

పోయిన నెల మా బావమరిదిని తీసుకువెళ్ళి అక్కడే పేరు రాయించాను. ఒక ఇంటర్వ్యూ అయింది, రాలేదు. మెయిల్ పెట్టమంటే మొదట నాలాగే ముఖం ముడుచుకున్నాడు గానీ రాశాడు. ఫైలులో అతని కాగితం మీద ఏ అంకె వేశారో మేడమ్ చూపించలేదు, నేనూ అడగలేదు. వెళ్ళదలచినవాళ్ళు మంగళవారం నుంచి శుక్రవారం లోపు, పదకొండు గంటలకు వెళితే మాట్లాడే తీరిక దొరుకుతుంది. రెండు ఫొటోలు, సర్టిఫికెట్ల నకళ్ళు తీసుకెళ్ళండి, కింద జిరాక్సు షాపు ఉంది కానీ కరెంటు పోతే పని చెయ్యదు. లిఫ్టు లేదు.